పైకప్పు విప్పే కారు, ఉప్పు గాలి ఊరు

పాత కారు కొనేవాళ్లు మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనే. ఆ అంకె తక్కువగా కనిపిస్తే చాలు, మిగతా లోపాలన్నింటినీ చూసీ చూడనట్టు వదిలేస్తారు. 2007 నాటి మెర్సిడెస్ ఎస్‌ఎల్‌కే 200 కంప్రెసర్‌ను నేను హైదరాబాదులో ఒక పెద్దాయన దగ్గర బేరమాడుతున్నప్పుడు, వెంట వచ్చిన మా బావమరిది మీటరు చూసి, "బావా, ఇది తిరగని బండి, కళ్లు మూసుకుని తీసేసుకో" అన్నాడు. తిరగని బండి కాబట్టే కళ్లు బాగా తెరిచి చూడాలన్నది నా అభిప్రాయం. ఇనుము తిరిగితే అరుగుతుంది గానీ రబ్బరు, ప్లాస్టిక్కు, నూనె మాత్రం షెడ్డులో ఊరికే ఉన్నా ముసలివైపోతాయి. పైకప్పు విప్పే కారులోనైతే మామూలు కారులో కంటే రబ్బరు ఎక్కువ, నూనె నడిచే గొట్టాలు ఎక్కువ, వైర్లు ఎక్కువ. విశాఖపట్నానికి తెచ్చాక వాటన్నింటికీ తోడు ఉప్పు గాలి.

కారు గురించి రెండు మాటలు చెప్పాలి. మడతపడి డిక్కీలోకి వెళ్లిపోయే లోహపు కప్పుతో మెర్సిడెస్ ఈ చిన్న రెండు సీట్ల కారును 1996లో మొదలుపెట్టింది. నాది 2004లో వచ్చిన రెండో తరం. జర్మనీలోని బ్రెమెన్ కర్మాగారంలో తయారై పూర్తి కారుగానే దిగుమతి అయింది. ఇంజను 1796 సీసీ, నాలుగు సిలిండర్లది; గాలిని ఒత్తి ఇంజనులోకి తోసే సూపర్‌చార్జర్ సాయంతో 163 హార్స్‌పవర్ ఇస్తుంది. ఇప్పటి లెక్కల్లో అదేమంత గొప్ప బలం కాదు. ఈ కారును వేగం కోసం కొనేవాడు ఎవరూ ఉండరనుకుంటాను. కొనేది ఆ కప్పు కోసమే, డబ్బు పెట్టేదీ దాని కోసమే.

మీట నొక్కగానే అద్దాలు కాస్త కిందికి దిగుతాయి, డిక్కీ మూత మామూలుగా తెరుచుకునే దిక్కుకు ఎదురుగా, బంపరు వైపు కీళ్ల మీద వెనక్కి లేస్తుంది, కప్పు రెండు ముక్కలుగా మడత పడుతూ, వెనక అద్దం తన ఇరుసు మీద తిరిగి ఒదిగి, అంతా కలిసి డిక్కీలోకి దిగి మూత పడుతుంది. కంపెనీ చెప్పిన సమయం 22 సెకన్లు. ఈ కదలికలన్నింటి వెనకా ఒక చిన్న ఎలక్ట్రిక్ పంపు, అది తోసే హైడ్రాలిక్ నూనె, బొటనవేలంత లావున్న కొన్ని సిలిండర్లు, ప్రతి అడుగూ పూర్తయిందో లేదో కంప్యూటరుకు చెప్పే స్విచ్చులు ఉంటాయి. వాటిలో ఒక్క స్విచ్చు నోరు మెదపకపోయినా కప్పు ఉన్నచోటే ఆగిపోతుంది. అన్నింటికంటే తమాషా అయినది డిక్కీలోని తెర. సామాను కప్పుకు తగలకుండా ఆ తెరను లాగి కొక్కేనికి తగిలించాలి, తగిలించకపోతే కప్పు కదలనే కదలదు. కప్పు పాడైందని తక్కువ ధరకు అమ్ముడుపోయిన కార్లలో కొన్నింటికి ఆ తెర తగిలించడమే కావలసిన మరమ్మతు అని నా అనుమానం.

నా కారు జబ్బు మాత్రం నిజమైనదే. కప్పు కదలిక రోజురోజుకూ మందగించసాగింది. డిక్కీ కార్పెట్ ఒక మూల ఎత్తి చూస్తే పలుచని నూనె జిగురు, దాని మీద అంటుకున్న దుమ్ము కనిపించాయి. సిలిండర్లలో నూనె బయటికి రాకుండా ఆపే సీళ్లు ఏళ్లు గడిచేకొద్దీ ముట్టుకుంటే పొడిగా రాలేంత పెళుసుబారతాయి, అక్కడి నుంచి నూనె కారుతుంది. ఒక పెద్ద వర్క్‌షాపులో చూపిస్తే సీళ్లు విడిగా రావు, సిలిండర్లు పంపుతో సహా మార్చాల్సిందే అన్నారు. వాళ్లు రాసిచ్చిన ఎస్టిమేటుతో మంచి సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి వచ్చేస్తుంది.

అయితే మన ఊరి ప్రత్యేకత ఒకటుంది. ఓడరేవు, ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ ఉన్న ఊరు కాబట్టి క్రేన్లకు, ఫోర్క్‌లిఫ్టులకు, జేసీబీలకు హైడ్రాలిక్ సిలిండర్లు బాగుచేసే చేతులకు ఇక్కడ కొదవ లేదు. ఆటోనగర్‌లో అలాంటి షెడ్డుకు విప్పిన సిలిండర్లను ఒక పాత టవల్లో చుట్టి తీసుకువెళ్లాను. మేస్త్రి ఒకదాన్ని అరచేతిలో దొర్లించి, "ఏటి సార్ ఇది, సిలిండరా, సూదిమందు సిరంజీయా?" అని నవ్వాడు. తరువాత మాత్రం నవ్వలేదు. వెర్నియర్ అనే కొలత పరికరంతో రాడ్డు మందం, గాడి లోతు కొలిచి, పలక మీద సుద్దముక్కతో రాసుకుని, పాత సీలు ముక్కలను పంటి పుల్లతో గాడిలోంచి తీశాడు. చేత్తో నలిపితే అవి నిజంగానే పొడి పొడి అయ్యాయి. కొలతకు సరిపడే సీళ్లు, ఓ-రింగులనే గుండ్రని రబ్బరు వలయాలు తెప్పించి, వాటిని నూనెలో నానబెట్టి, గాడి అంచుకు తగిలి చిట్లకుండా పలుచని ప్లాస్టిక్కు ముక్కను జారుడుగా వాడి ఒక్కొక్కటిగా ఎక్కించాడు. "ఎప్పుడూ పెద్దవి చేసీవోళ్లం సార్, చిన్నదానికే ఎక్కువ టైం పట్టింది" అంటూ అడిగిన కూలి, పెద్ద వర్క్‌షాపు ఎస్టిమేటు పక్కన పెట్టి చూపించడానికి నాకే సిగ్గనిపించేంత తక్కువ. నూనె మాత్రం ఏది పడితే అది పోయకూడదు. కంపెనీ చెప్పిన రకం హైడ్రాలిక్ నూనెనే నేను విడిగా తెప్పించి ఇచ్చాను.

కప్పు తరువాత ఈ కారులో నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి నూనె వైర్ల గుండా ఎగబాకడం. ఇంజను ముందు భాగంలో కామ్‌షాఫ్ట్, అంటే వాల్వులను తెరిచి మూసే ఇరుసు, దాని కోణాన్ని సర్దే రెండు విద్యుదయస్కాంతాలు ఉంటాయి. అవి పాతబడితే లోపలి నూనె సన్నగా కనెక్టరులోకి చేరి, అక్కడి నుంచి వైరు పోగుల మధ్య సందుల్లో, దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టే ఎక్కి, ఆక్సిజన్ సెన్సరు దాకా, చివరికి ఇంజను కంప్యూటరు దాకా వెళుతుంది. బయటికి చుక్క కూడా కారదు కాబట్టి చూసేవాడికి తెలియదు. కంప్యూటరు తడిస్తే లక్షల్లో ఖర్చు. కొత్త అయస్కాంతాలు వేసి, వాటికీ అసలు వైరింగుకూ మధ్య ఒక పొట్టి వైరు ముక్క తగిలిస్తే, నూనె వచ్చినా ఆ ముక్క దగ్గరే తెలిసిపోతుంది, వేలల్లో తేలిపోతుంది. ఐదు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులో కూడా ఇదే కథ. దాని పక్కనున్న గుండ్రని ప్లగ్గు లోపలి ఓ-రింగు గట్టిపడితే గేర్ నూనె వైరు పట్టుకుని గేర్‌బాక్సు కంప్యూటరుకు ప్రయాణం కడుతుంది. ఈ ఇంజను ఉన్న కారు ఏది కొన్నా, ముందు ఆ కనెక్టర్లు ఊడదీసి లోపల తెల్లటి టిష్యూ పెట్టి చూడాలి.

విడిభాగాల విషయంలో ఈ కారును రెండు కార్లుగా చూడటం మంచిది. మెర్సిడెస్ భాగాల సంఖ్యలు ఇంగ్లీషు 'A' అక్షరంతో మొదలవుతాయి, ఆ తరువాతి మూడంకెలు ఆ భాగం ఏ ఇంజనుకో ఏ బాడీకో చెబుతాయి. ఆ అంకెలు 271 అయితే ఇంజను సరుకు. ఈ ఇంజనే పుణెలో తయారైన సీ-క్లాసు, ఈ-క్లాసు కార్లలోనూ ఉండేది కాబట్టి ఆ భాగాలు హైదరాబాదు, చెన్నై దుకాణాల్లో అడిగిన రెండు మూడు రోజుల్లో బస్సు పార్సిల్‌లో వచ్చేస్తాయి. 171 అయితే అది ఎస్‌ఎల్‌కే ఒంటి మీద తప్ప ఇంకెక్కడా ఇమడదు. కప్పు అంచు రబ్బర్లు, కప్పు తాళాలు, వెనక క్వార్టర్ అద్దాలు అన్నీ ఈ కోవలోవే. వాటికి జర్మనీ నుంచి తెప్పించుకుని సుంకం కట్టడమో, ఎవరిదో యాక్సిడెంట్ అయిన కారు విడగొట్టే వరకూ కాచుకుని ఉండటమో తప్పదు. అందుకే ఇంజను కాస్త అలసిన కారునైనా కొనవచ్చు గానీ, కప్పు రబ్బర్లు చీలిన కారును ఎంత చవకగా ఇచ్చినా కొనకూడదని నేను అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

ఆ రబ్బర్లను బతికించుకోవడం మన చేతుల్లోనే ఉంది. పెట్రోలియం జెల్లీ లాంటివి కాకుండా రబ్బరుకు పనికొచ్చే సిలికాన్ గ్రీజును పలుచగా రాస్తే అవి అంటుకుపోకుండా, ఎండకు పగలకుండా ఉంటాయి. వాటికన్నా ముఖ్యం నీరు పోయే దారులు. ముందు అద్దం కింద, బానెట్ వెనక అంచు దగ్గర ఉన్న తొట్టిలో రాలిన ఆకులు పేరుకుంటే వాన నీరు బయటికి పోకుండా క్యాబిన్‌లోకి దారి చూసుకుంటుంది. మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంటు ముందు బాదం చెట్టు ఉంది. ఆ ఆకు ఒక్కటి చాలు రంధ్రాన్ని అమాంతం మూసేయడానికి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి చెట్లనూ కార్లనూ ఏం చేసిందో చూసినవాణ్ని కాబట్టి, దసరా దాటి బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త రాగానే నేను చేసే మొదటి పని ఆ తొట్టి శుభ్రం చేసి, చెంబుడు నీళ్లు పోసి అవి చక్రం వెనక నుంచి కిందికి పడుతున్నాయో లేదో చూడటం.

ఉప్పు సంగతి వేరు. బీచ్ రోడ్డులో కప్పు తీసి వెళ్లి వచ్చిన సాయంత్రం డాష్‌బోర్డు మీద వేలితో రాస్తే తేమ జిగురుగా తగులుతుంది. పైన పడింది తుడిస్తే పోతుంది. కింద చాసిస్ బోల్టుల మీద, బ్రేకు గొట్టాల మీద, ఎర్త్ వైర్లు బాడీకి బిగించే చోట్ల పడింది మాత్రం నెమ్మదిగా పనిచేస్తుంది. ఎర్త్ వైరు కొసకు చిలుము పడితే ఒక రోజు కప్పు, ఒక రోజు ఇండికేటరు, ఒక రోజు సీటు మోటారు విడివిడిగా మొరాయిస్తాయి, ప్రతిదానికీ ఒక కొత్త సెన్సరు అమ్మాలని చూసే మెకానిక్‌కు పండగే. నేను సముద్రం వైపు వెళ్లివచ్చిన ప్రతిసారీ కారు అడుగును మంచినీళ్లతో కడిగిస్తాను. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉన్నది కాబట్టి, కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్లకోసారి మారుస్తాను. టైర్లదీ అదే లెక్క. నా కారుతో వచ్చిన టైర్లకు గాడులు నిండుగా ఉన్నాయి గానీ పక్కన ముద్రించిన నాలుగంకెలు, అంటే తయారైన వారమూ సంవత్సరమూ చూశాక, వాటి మీద హైదరాబాదు నుంచి విశాఖ దాకా రావడానికి మనసొప్పక కారును లారీ మీద తెచ్చుకున్నాను.

కాగితాల ఖర్చు కూడా దాచకుండా చెప్పాలి. పదిహేనేళ్లు నిండిన కారుకు ఆర్‌సీ రెన్యువల్ ఐదేళ్లకోసారి. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకు ఆ రుసుము 5,000 రూపాయలైతే దిగుమతి కారుకు 40,000. 2025 ఆగస్టు సవరణతో ఇరవై ఏళ్లు దాటిన దిగుమతి కార్లకు అది 80,000 అయింది. నాది ఆ గీత దాటే రోజు దగ్గరలోనే ఉంది. పెట్రోలు సంగతికొస్తే, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినదే. 2007లో తయారైన గొట్టాలను, సీళ్లను దానికోసం రూపొందించలేదు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి ఈ తేమ ఊళ్లో ట్యాంకు నింపి నెలల తరబడి కారును నిలబెట్టడం అన్నింటికంటే చెడ్డది. కాబట్టి కారును తిప్పాలి.

తిప్పడానికి ఇక్కడ దారులకు లోటు లేదు. మే నెల మధ్యాహ్నం కప్పు తీసేవాడికి తల తిరుగుతుంది తప్ప ఆనందం ఏమీ ఉండదు. కార్తీకం నుంచి మాఘం దాకా తెల్లవారుజామున రుషికొండ దాటి భీమిలి వైపు వెళ్లే దారి మాత్రం ఈ కారు కోసమే వేసినట్టు ఉంటుంది. సీటు వెనక నుంచి మెడ చుట్టూ వెచ్చని గాలి ఊదే ఏర్పాటు ఒకటి నా కారులో ఉంది. మెర్సిడెస్ ఈ మోడల్‌తోనే దాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. విశాఖలో మెడకు వేడి గాలి అంటే విన్నవాళ్లంతా నవ్వుతారు, నేనూ నవ్వాను. జనవరిలో లంబసింగి ఘాట్ ఎక్కుతూ మంచులో కప్పు తీసి ఆ మీట నొక్కిన తరువాత పక్కసీట్లో ఉన్న మా బావమరిది దాన్ని ఆపనివ్వలేదు.

ఇప్పుడు వరసలో ఉన్నది టైమింగ్ చైను, అంటే ఇంజను లోపల కామ్‌షాఫ్ట్‌లను తిప్పే గొలుసు. ఈ ఇంజను చైను సన్నది, కాలక్రమంలో సాగుతుంది; ఉదయం చల్లటి ఇంజను స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గలగలమంటే దాన్ని వాయిదా వెయ్యకూడదు. నా కారు ఈ మధ్యే ఆ చప్పుడు మొదలుపెట్టింది. చైనుతో పాటు కామ్‌షాఫ్ట్ పళ్ల చక్రాలు కూడా మార్చాలని, అరిగిన పళ్ల మీద కొత్త చైను వేస్తే ఖర్చు దండగని మెకానిక్ చెప్పాడు, నేనూ ఒప్పుకున్నాను. భాగాలన్నీ 271వే కావడం వల్ల చెన్నై నుంచి పార్సిల్ ఈ వారమే బయలుదేరింది. అది వచ్చి బిగించే వరకూ స్టార్టు చెయ్యకుండా, బ్యాటరీ పడిపోకుండా చిన్న చార్జర్ తగిలించి ఉంచాను.