మూడు రోజుల పాటు తెరుచుకోని ఎంఎస్ఐ: ఒక ప్యాకేజింగ్ రిక్వెస్టుతో నా అనుభవం

హైదరాబాదులో అప్లికేషన్ ప్యాకేజింగ్ పనిలో చేరిన రెండో ఏడాదిలో నా పేరు మీదికి ఒక రిక్వెస్టు వచ్చింది. క్లయింటు ఇంజనీర్లు వాడే ఒక డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌ను, వినియోగదారును ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇన్‌స్టాల్ అయ్యేలా తయారుచేయాలి. ఇలాంటిది మామూలుగా ఒకటిన్నర రోజు పని. అయితే ఈసారి మా రిక్వెస్టులూ వాటి ఫైళ్లూ ఉండే వర్క్‌ఫ్లో సిస్టంలోని ఫైళ్లను ప్యాకేజింగ్ టూల్‌లో సరిగ్గా తెరవడానికే మూడు రోజులు పట్టింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి అదే చిక్కు ఎదురైతే ఎక్కడ వెతకాలో తెలియాలనే ఉద్దేశంతో జరిగినదంతా రాస్తున్నాను.

మా పని తెలియనివారి కోసం ముందుగా రెండు మాటలు. ఎంఎస్ఐ అంటే పైకి ఒక సెటప్ ఫైలులా కనిపించినా, లోపల అది పట్టికలతో కూడిన ఒక చిన్న డేటాబేస్. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లాలో, విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఏమి రాయాలో, ఏ పని తరువాత ఏ పని జరగాలో అన్నీ ఆ పట్టికల్లోనే ఉంటాయి. విండోస్ ఎస్‌డీకే అనే డెవలపర్ల కిట్‌తో వచ్చే ఓర్కా అనే టూల్‌లో ఆ పట్టికలను చూడవచ్చు, మార్చవచ్చు. వెండర్, అంటే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన సంస్థ, ఇచ్చిన ఎంఎస్ఐని మాత్రం మేము నేరుగా ముట్టుకోము. ముట్టుకుంటే దాని మీద ఉన్న డిజిటల్ సంతకం చెల్లకుండా పోతుంది, రేపు వెండర్ ఇచ్చే ప్యాచ్ కూడా దాని మీద సరిగ్గా కూర్చోకపోవచ్చు. అందుకే మా మార్పులన్నీ ఎంఎస్‌టీ అనే విడి ట్రాన్స్‌ఫామ్ ఫైలులో పెడతాము. మూల ఎంఎస్ఐకీ, మాకు కావలసిన ఎంఎస్ఐకీ మధ్య ఉన్న తేడా మాత్రమే అందులో ఉంటుంది.

మొదటి రోజు ఉదయం రిక్వెస్టు పేజీలో ఎంఎస్ఐ పక్కన ఉన్న ‘తెరువు’ అనే బటన్ నొక్కాను. ఓర్కా తెరుచుకుంది. కొత్త ట్రాన్స్‌ఫామ్ మొదలుపెట్టి, ప్రాపర్టీ పట్టికలో లైసెన్సు సర్వర్ చిరునామా చేర్చి, డెస్క్‌టాప్ షార్ట్‌కట్ తీసేసి, ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపే రిజిస్ట్రీ వరుస రాసి, టూల్ చూపించిన ఫోల్డరులోనే ఎంఎస్‌టీని సేవ్ చేశాను. మధ్యాహ్నం తిరిగి వచ్చి చూస్తే ఆ ఫోల్డరే లేదు. ఆ బటన్ ఫైలును ఒక తాత్కాలిక ఫోల్డరులోకి దించి టూల్‌కు అందిస్తుందనీ, పేజీని మూసినప్పుడు ఆ ఫోల్డరును తుడిచివేస్తుందనీ అప్పుడు తెలిసింది. పూట పని పోయిందన్న బాధ కన్నా, నేను తెరిచినది ఏ ఫైలో, ఎక్కడిదో చూసుకోకుండానే పని మొదలుపెట్టానన్న బాధ ఎక్కువగా ఉండింది.

ఆ తరువాత ‘డౌన్‌లోడ్’ ద్వారానే దించుకున్నాను. ఈసారి ఓర్కా ఫైలును తెరవనే లేదు. విండోస్‌లో ఎంఎస్ఐలను నడిపే ఎంఎస్ఐఎక్సెక్ ఆజ్ఞతో ప్రయత్నిస్తే 1620 అనే లోపం వచ్చింది. ఇది సరైన విండోస్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ కాదని దాని అర్థం. ప్యాకేజీ కనబడకపోయినా, దాన్ని అందుకునే అనుమతి లేకపోయినా వచ్చేది 1619. ఈ రెండింటి తేడా తెలిసి ఉంటే సగం వెతుకులాట తగ్గుతుంది. 1620 వచ్చిందంటే ఫైలు అక్కడే ఉంది, లోపల ఉండవలసినది మాత్రం లేదు. నేను వెండర్ ఫైలే పాడై ఉంటుందని తొందరపడి క్లయింటుకు ఉత్తరం రాయబోతుండగా మా టీమ్ లీడ్ ఆపి, “ముందు సైజు చూడండి, తరువాత నోట్‌ప్యాడ్‌లో తెరవండి” అన్నారు. వందల ఎంబీలు ఉండవలసిన ఫైలు కొన్ని కేబీలే ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అది ఒక హెచ్‌టీఎంఎల్ పేజీ. నా లాగిన్ గడువు తీరిపోవడంతో సిస్టం ఫైలుకు బదులుగా సైన్-ఇన్ పేజీని పంపింది, బ్రౌజరు దాన్నే ఎంఎస్ఐ పేరుతో దాచింది. అసలైన ఎంఎస్ఐని హెక్స్ ఎడిటర్‌లో చూస్తే మొదటి నాలుగు బైట్లు డీ0, సీఎఫ్, 11, ఈ0 అని ఉంటాయి. ‘డాక్‌ఫైల్’ అనే మాటను తలపించే ఆ అంకెలను ఒకసారి చూసినవారు మరిచిపోరు. మళ్లీ లాగిన్ అయి దించుకున్నాక ఫైలు తెరుచుకుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలుకు విండోస్ తగిలించే జోన్ గుర్తును కూడా పవర్‌షెల్‌లోని అన్‌బ్లాక్-ఫైల్ ఆజ్ఞతో తీసేశాను.

రెండో రోజు వచ్చిన చిక్కు మరీ తప్పుదారి పట్టించేది, ఎందుకంటే టూల్‌లో అంతా సవ్యంగానే కనిపించింది. పట్టికలన్నీ తెరుచుకున్నాయి, ట్రాన్స్‌ఫామ్ తయారైంది. టెస్ట్ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేయబోతే లాగ్‌లో 1311 వచ్చింది, అంటే ఇన్‌స్టాల్ కావలసిన ఫైళ్లను కుదించి పెట్టిన మూట, క్యాబ్ ఫైలు, దొరకలేదు. ఆ ఫైలు అదే ఫోల్డరులో నా కళ్ల ముందే ఉంది. మీడియా పట్టికలో క్యాబినెట్ అనే గడి చూసేదాకా కారణం తట్టలేదు. ఆ గడిలో పేరుకు ముందు హ్యాష్ గుర్తు (#) ఉంటే క్యాబ్ ఎంఎస్ఐ లోపలే ఉన్నట్టు, లేకపోతే బయట, ఆ పేరుతోనే ఉండాలన్నట్టు. ఇక్కడ హ్యాష్ గుర్తు లేదు, పేరు ‘డేటా1’. మా వర్క్‌ఫ్లో సిస్టమేమో ప్రతి అటాచ్‌మెంటు పేరుకు ముందు రిక్వెస్టు నంబరునూ రివిజన్ నంబరునూ చేరుస్తుంది. అది ఎవరో పొరపాటున పెట్టిన నియమం కాదు, ఆడిట్‌లో ఏ ఫైలు ఏ రిక్వెస్టుదో తెలియడానికి పెట్టినది. వర్డ్ పత్రానికి పేరు మారితే ఏమీ కాదు కాని, ప్యాకేజీలో ఒక ఫైలు మరొకదాన్ని పేరుతోనే పిలుస్తుంది. ఎంఎస్ఐ పేరు మారినా ప్రమాదమే. ఇన్‌స్టాల్ అయినప్పుడు ఉన్న పేరునే విండోస్ గుర్తుపెట్టుకుని, తరువాత రిపేరు చేయవలసి వచ్చినప్పుడు సోర్సులో ఆ పేరు కోసమే వెతుకుతుంది. కనుక అదనపు అంకెలన్నీ తీసివేసి, వెండర్ పెట్టిన పేర్లను యథాతథంగా తిరిగి పెట్టాను. ఇన్‌స్టాలేషన్ పూర్తయింది.

మూడో రోజు సమస్య నిజంగా వృత్తికి సంబంధించినది. ఈ రిక్వెస్టు నాకన్నా ముందు మరొకరి చేతిలో ఉండి, వారు చేసిన ఎంఎస్‌టీ కూడా రిక్వెస్టులో ఉంది. క్లయింటు అప్పటికే ఒప్పుకున్న సెట్టింగులు అందులో ఉన్నాయి కనుక దాన్నే వాడమన్నారు. వాడితే 1624, అంటే ట్రాన్స్‌ఫామ్‌ను వర్తింపజేయడంలో లోపం. రిక్వెస్టు చరిత్ర విప్పి చూస్తే ఒకే పేరుతో రెండు ఎంఎస్ఐ రివిజన్లు ఉన్నాయి. పేజీలో కనిపించేది కొత్తది మాత్రమే. ఎంఎస్‌టీ ఆ రెండింటికీ నడుమ తేదీన, అంటే పాతదాని మీద తయారైంది. ట్రాన్స్‌ఫామ్‌లో తన మూల ఎంఎస్ఐ ఏదో సరిచూసుకునే షరతులు ఉంటాయి. ప్రాడక్ట్ కోడ్, వెర్షన్ వంటివి ఆ షరతులకు సరిపోకపోతే అది ముందుకు కదలదు.

ఆ షరతులను సడలించి బలవంతంగా వర్తింపజేయడం సాధ్యమే. గడువు దగ్గర పడుతుండటంతో ఆ మాట కూడా వచ్చింది. నేను ఒప్పుకోలేదు, ఈ రోజుకీ ఒప్పుకోను. పాత రివిజన్‌ను ఓర్కాలో తెరిచి దాని మీద ఆ ఎంఎస్‌టీని వర్తింపజేసి, ఆకుపచ్చ గుర్తుతో కనిపించిన ప్రతి మార్పునూ కాగితం మీద రాసుకుని, కొత్త రివిజన్‌లో ఒక్కొక్కదాని చోటు వెతికాను. రిజిస్ట్రీ పట్టికలో చేర్చిన ఒక వరుస ఏ కాంపొనెంటుకు (కలిసి ఇన్‌స్టాల్ అయ్యే భాగాల గుంపుకు) కట్టి ఉందో, ఆ కాంపొనెంటు కొత్త ఎంఎస్ఐలో లేనే లేదు. బలవంతంగా వేసి ఉంటే ఆ వరుస ఏ ఆధారమూ లేకుండా పట్టికలో మిగిలిపోయేది, ఆటోమేటిక్ అప్‌డేట్‌ను ఆపే సెట్టింగు ఏ మెషీన్‌కూ చేరేది కాదు, ఇన్‌స్టాలేషన్ మాత్రం విజయవంతమైనట్టే కనిపించేది. ఆ వరుసను సరైన కాంపొనెంటుకు కట్టి, మిగిలిన మార్పులతో కొత్త ఎంఎస్‌టీ తయారుచేసి, పట్టికల్లో తప్పులు పట్టే ఐస్ తనిఖీలు నడిపి, ఆ సాయంత్రం ప్యాకేజీని పరీక్షించే క్యూఏ టీముకు పంపాను.

పంపేటప్పుడు ఫైళ్లను విడివిడిగా అటాచ్ చేయలేదు. ఎంఎస్ఐ, క్యాబ్, ఎంఎస్‌టీ, ఇన్‌స్టాల్ లాగ్ అన్నిటినీ వాటి ఫోల్డరుతో సహా ఒకే జిప్‌లో పెట్టి, ఫైలు మారిందో లేదో పట్టించే ఎస్‌హెచ్‌ఏ-256 విలువను ప్రతి ఫైలుకూ విండోస్‌లోని సర్టుటిల్‌తో తీసి ఒక టెక్స్ట్ ఫైలులో రాసి, జిప్‌తో పాటు జతచేశాను. వర్క్‌ఫ్లో సిస్టం జిప్ పేరుకు ఎన్ని అంకెలు చేర్చినా లోపలి పేర్లు మారవు. దించుకున్నవారు విప్పకముందే జిప్‌ను అన్‌బ్లాక్ చేస్తే లోపలి ఫైళ్లకు జోన్ గుర్తు అంటదు. ఫోల్డర్లలో ఫోల్డర్లు ఉన్న ప్యాకేజీ అయితే సీ డ్రైవ్ మొదట్లోనే రెండు మూడు అక్షరాల పేరున్న ఫోల్డరులో విప్పుకోవాలని కూడా రాశాను, 260 అక్షరాల దారి పరిమితి అక్కడ చాలామందికి అడ్డుపడుతుంది.

మరునాడు క్యూఏలో ఉన్న సహోద్యోగి వేరే మెషీన్‌లో ఆ జిప్‌ను దించుకుని, ఎస్‌హెచ్‌ఏ-256 విలువలు సరిచూసి, ఎంఎస్‌టీని మొదటి ప్రయత్నంలోనే తెరిచారు. రిక్వెస్టు తరువాతి దశకు వెళ్లింది. ఆ వారంలోనే మా టీమ్ లీడ్ రిక్వెస్టు ఫారంలో సోర్సును ఒకే జిప్‌గా మాత్రమే ఇవ్వాలన్న వాక్యం చేర్పించారు.