ఖమ్మం పెళ్ళి, డోర్నకల్ గుడి

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలైతే మన క్రైస్తవ సంఘాల్లో పెళ్ళిళ్ళు జరగవు కాబట్టి, ఆ కాలానికి తొలిరోజైన భస్మ బుధవారానికి ముందటి వారాల్లో శుభలేఖలన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఈసారి వాటికి మాఘమాసపు ముహూర్తాలు కూడా తోడు కావడంతో ఖమ్మంలో కిటికీ అయినా లేని లాడ్జి గదికి రెట్టింపు అద్దె చెప్పారు. స్టేషను నుంచి నడిచిపోగలిగినంత దూరానికి ఆటో అతను నూట యాభై అడిగి, బేరమాడితే ముఖం తిప్పుకొన్నాడు. అయినా డబ్బు సంగతి మరిచిపోవచ్చు, పెళ్ళిలో చూసినది మాత్రం మరిచిపోలేకపోయాను.

గుడిలో ముందు రెండు వరుసల కుర్చీలు తీసివేసి, తెల్లటి గుడ్డలు కప్పిన సోఫాలు వేయించారు. వాటిలో ఒకదాని అంచున, వెనక్కి ఆనుకోవడానికి కూడా జంకుతూ, పెళ్ళికూతురి ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామె కూర్చున్నది. తల్లి ఉద్యోగానికి వెళ్ళే రోజుల్లో ఆ పిల్లను ఎత్తుకొని పెంచినది ఆమేనని మా పిన్ని చెప్పింది. అది మిరప కోతల కాలం కావడంతో ఆమె వేలి కొసలు ఎర్రబారి పొరలు లేచి ఉన్నాయి. కట్టుకొన్న కొత్త చీరకు దుకాణం మడతలు ఇంకా పోలేదు. ఇంతలో జేబుకు రిబ్బను పువ్వు గుచ్చుకొన్న కుర్రవాడొకడు వచ్చి, "అవ్వా, లే లే, సారోళ్ళు వస్తున్నరు" అన్నాడు. "యాడ కూసోవాల్నయ్యా?" అని ఆమె అడిగితే, ఆమె వైపు చూడకుండానే చేతిని వెనక్కి ఊపాడు. వెనుక ఖాళీ లేదు. చేతిసంచి పొట్టకు అదుముకొని స్పీకరు డబ్బా పక్కన, గోడకు ఆనుకొని నిలబడింది.

ఆ సారు ముప్పావు గంట తరువాత వచ్చారు. కీర్తన సగంలో ఉండగానే సంఘ పెద్దలు ఇద్దరు ఎదురు వెళ్ళారు, ఆయన పదవి మైకులో రెండుసార్లు వినిపించింది. ఆ వెంటనే, మన పెళ్ళిళ్ళలో తప్పనిసరిగా చదివే, బైబిల్లోని మొదటి కొరింథీయుల పత్రిక పదమూడో అధ్యాయం చదివారు. ప్రేమ దీర్ఘకాలం సహిస్తుందన్న మాట వచ్చేసరికి నా చూపు గోడవైపు పోయింది. నాకు గుర్తుకు వచ్చినది మాత్రం యాకోబు పత్రిక రెండో అధ్యాయం. బంగారు ఉంగరం పెట్టుకొన్నవాణ్ణి మంచి చోట కూర్చోమని, మాసిన బట్టలవాణ్ణి అక్కడ నిలబడమనడం విశ్వాసులకు తగదని యాకోబు అందులో గట్టిగా మందలిస్తాడు. అంత పాత ఉత్తరంలో సోఫాలు తప్ప మిగిలినవన్నీ ఉన్నాయి.

చివరికి మా వరుసలో నుంచి, నుదుట బొట్టుతో ఉన్న ఒకావిడ లేచి వెళ్ళి, ఆ ముసలామెను చేయి పట్టి తీసుకువచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను నిలబడింది. ఆమె పెళ్ళికొడుకుతో కలిసి పనిచేసే ఉద్యోగిని అట, గుడికి రావడం అదే మొదటిసారి. ఆ పూట అక్కడ చదివిన వాక్యాన్ని పాటించినది ఆవిడ ఒక్కతే అని నాకు అనిపించింది. భోజనాల దగ్గర కూడా పైన ఏసీ హాలు కొందరికి, కింద షామియానాలో వరుస మిగిలినవారికి. దానికి పెట్టిన పేరు ప్రేమ విందు.

మరునాడు హైదరాబాదు తిరుగు ప్రయాణం కావలసినది. కోపం దిగక, పొద్దున్నే దొరికిన బండెక్కి డోర్నకల్‌లో దిగిపోయాను. అక్కడి పెద్ద గుడిని చూడాలని చాలాకాలంగా అనుకొంటున్నదే. జంక్షను కాబట్టి రైలు ప్రయాణికులందరికీ పేరు తెలిసిన ఊరే గాని, ప్లాట్‌ఫారం దాటి లోపలికి వెళ్ళేవారు తక్కువ.

ఆ గుడి పేరు ఎపిఫనీ కెథీడ్రల్, అంటే బిషప్ పీఠం ఉండే గుడి. దాన్ని దూరం నుంచి చూసినవారికి అది ఎవరి గుడి అన్న అనుమానం కలగక మానదు. పైన మసీదును తలపించే గుమ్మటాలు, లోపల దేవాలయ మండపాన్ని తలపించే రాతి స్తంభాలు, మధ్యలో సిలువ. దీన్ని కట్టించిన బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. 1909లో మిషనరీగా ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకొని, 1945 జనవరి 1న ఇక్కడే కన్నుమూసేవరకు ఈ ప్రాంతానికే అంకితమైపోయారు. 1912లో కలకత్తాలో ఆయనకు అభిషేకం జరిగేనాటికి ఇంగ్లండు చర్చి సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్ సంఘంలో భారతీయ బిషప్ అన్నవారే లేరు. దొరల మీద ఒక నల్లవాడు అధికారి కావడమేమిటని అభ్యంతరపెట్టినవారు సంఘంలోనే ఉన్నారు. దానికి రెండేళ్ళ ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన లేచి, మీరు పేదలకు మీ ఆస్తి ఇచ్చారు, శరీరాలను కూడా అర్పించారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. కొరింథీయుల పత్రికలోని ఆ పదమూడో అధ్యాయపు మాటలనే ఎదురుగా కూర్చున్న దొరల ముందు పెట్టారన్నమాట. నిన్న విన్నది కూడా అదే అధ్యాయం కావడం వల్లనేమో, ఆ స్తంభాల మధ్య నిలబడినప్పుడు ఆ ప్రసంగం నాకు పుస్తకాల్లోని చరిత్రగా తోచలేదు.

గుడిని 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగనాడే ప్రతిష్ఠించారు. తూర్పు దేశపు జ్ఞానులకు, అంటే బయటివారికి, క్రీస్తు ప్రత్యక్షమైన పండుగ అది. ఈ అధ్యక్ష మండలంలో, అంటే డోర్నకల్ బిషప్ కింద ఉండే ప్రాంతంలో, మొదట సంఘంలో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవారే. వారి జీవితాల్లో వచ్చిన మార్పును చూసి తరువాత ఇతర కులాలవారు కూడా వచ్చారు. అలా వచ్చినవారు రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల ముందర ఆ మాల, మాదిగల పక్కనే మోకాళ్ళూనవలసి వచ్చింది. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద సంగతో మా తాతయ్య కథల వల్ల నాకు కొంత తెలుసు: మా ఊళ్ళో అదే గిన్నెలోని ద్రాక్షరసం తాగడానికి ఒప్పుకోక, ఏళ్ళ తరబడి ఆ ప్రభురాత్రి భోజన సంస్కారానికి లేవని పెద్దమనుషులు ఉండేవారట.

నేను కూడా ఆ ఉదయం సంస్కారానికి లేచాను. నా ఎడమవైపు పట్టు చీర కట్టుకొన్న టీచరమ్మ, కుడివైపు కాళ్ళకు పగుళ్ళు బారిన ఒక కూలీ. అతని తరువాతివాడు వంగలేకపోతుంటే అయ్యగారే ఒక మెట్టు దిగి రొట్టె అందించారు. ఎవరినీ లేవమనలేదు, ఎవరికోసమూ ఆగలేదు. అలాగని ఇక్కడివారంతా దేవదూతలని నేను రాయను.

ఆరాధన అయ్యాక, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక సంఘ పెద్ద, ఆయన భార్య నన్ను పట్టుబట్టి ఇంటికి తీసుకువెళ్ళి భోజనం పెట్టి, స్టేషను దాకా తోడు వచ్చారు. బెంచీ మీద కూర్చున్నాక ఆయన తమ చిన్నమ్మాయి సంబంధం సంగతి ఎత్తారు. "కొలువుండాలె, తాగుడు ఉండొద్దు, బాప్తిస్మం తీసుకొన్నోడై ఉండాలె. అంతే సార్."

"మనోళ్ళల్ల దొరికితే మరీ మంచిది గదా" అన్నది ఆవిడ.

"మనోళ్ళంటే ఎవళ్ళే? పొద్దుగాల నీ పక్కన మోకాళ్ళేసినోళ్ళు మనోళ్ళు గాదా?"

"మోకాళ్ళేసుడు వేరే, వియ్యమందుడు వేరే. రేపు మీ అక్క వస్తదా పెండ్లికి?"

ఆయన దగ్గర దీనికి జవాబు లేక కాదు గాని, బయటివాడినైన నా ముందర వాళ్ళక్క సంగతి ఎందుకని ఆగినట్టున్నారు. బండి గంటకు పైగా ఆలస్యం. ఆ గంటలో వాదన మళ్ళీ రాజుకొని, చల్లారి, మూడో మనిషినైన నన్ను తీర్పు చెప్పమనే దాకా వచ్చింది. నేను ఆయన పక్షమేనని చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు, మీ ఇంట్లో అట్లాంటి పెండ్లి ఎవరు చేసుకొన్నారో చెప్పమని మాత్రం అడిగింది. మా చెల్లెలు చేసుకొన్నదని, మా పెదనాన్న నేటికీ వాళ్ళ గడప తొక్కలేదని చెప్పాను. "చూసినవా!" అని ఇద్దరూ ఒకరినొకరు చూసి ఒకేసారి అన్నారు.

బండి వచ్చే వేళకు ఆయన జేబులో నుంచి పిల్ల బయోడేటా తీసి నా చేతిలో పెట్టారు. అందులో కులం అన్నచోట అచ్చయిన మాటను పెన్నుతో బలంగా కొట్టేసి ఉన్నది. నెట్ సెంటరులో ఇరవై రూపాయలు పోసి కొట్టించిన కాగితాన్ని ఈయన పాడుచేశారని, కిటికీలో నుంచి నాకు వినిపించేలా ఆవిడ ఫిర్యాదు చేసింది.