ముక్తాయి తీసేశాక

ఇరవై ఏళ్లుగా మృదంగం వాయిస్తున్నాను. కచేరీల్లో పక్కవాద్యం, కూచిపూడి ప్రదర్శనలకు జతులు, అంటే తకిట తకధిమి లాంటి లయ పలుకులు. కిందటేడు హైదరాబాద్‌లో సమకాలీన నృత్యం చేసే ఒకామె 12 నిమిషాల అంశానికి వాద్యం కూర్చమని అడిగింది. నలుగురు నర్తకులు. పాట లేదు, శ్రుతి లేదు, కథ లేదు. "తోలు వాద్యాలు తప్ప ఏమీ వద్దు, అన్నా" అంది.

కూచిపూడిలో నట్టువాంగం పట్టినవారు, అంటే తాళాలు వాయిస్తూ నాట్యాన్ని నడిపేవారు, జతి చెప్తారు, పాదం పలుకుతుంది, నేను అందుకుంటాను. ఇక్కడ పాదం చప్పుడే లేదు. నేల మీద దొర్లుతున్నారు, ఒకరి మీద ఒకరు బరువు వేసి ఒరుగుతున్నారు. లెక్క ఎనిమిదేసి అంకెలు. నేనేమో మిశ్రచాపు అనే ఏడు అంకెల తాళంలో, తకిట తకధిమి అని రాసుకెళ్లాను. మొదటి రోజంతా గందరగోళమే.

ఆ రాత్రి నోట్సు ముందేసుకుని లెక్క కట్టాను. నా ఏడులు ఎనిమిది, వాళ్ల ఎనిమిదులు ఏడు. రెండూ 56 దగ్గర కలుస్తాయి! ఈలోగా నా సమం, అంటే ప్రతి ఏడులోనూ మొదటి దెబ్బ, వాళ్ల ఎనిమిదో అంకె మీద, తర్వాత ఏడు మీద, ఆపైన ఆరు మీద పడుతూ వెనక్కి నడుస్తుంది. ఎవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు. మర్నాడు అలాగే వాయిస్తే, వాళ్ల కదలికలో ఏదో తెలియని ఒరిపిడి వచ్చింది. నాకు ఒళ్లు జలదరించింది.

ఆ 56 దగ్గర, నలుగురిలో ఒకమ్మాయి నేల మీదకు పడే చోట, మంచి ముక్తాయి పెట్టాను, అంటే ఒకే వరసను మూడుసార్లు వాయించి ముగించడం. నాట్యం కూర్చినామె ఆపేసింది. "అన్నా, మీరు మూడుసార్లు చెప్పేసరికి అయిపోతోందని అందరికీ తెలిసిపోతోంది. ఆ అమ్మాయి ఇంకా పడిపోతూనే ఉంది కదా."

చాలా బాధపడ్డాను. ముక్తాయి లేకుండా దిగడమంటే మా చదువులో అప్పు ఎగ్గొట్టినట్టే. అయినా మూడు రోజులు వాద్యం ముట్టకుండా గోడవారన కూర్చుని చూశాను. పడే ముందు ఆ అమ్మాయి ఊపిరి వదులుతుంది. అది రోజుకో నిడివి. దానికి అంకె లేదు. అందుకని అక్కడ రాసిందంతా కొట్టేసి కార్వ, అంటే దెబ్బ లేని విరామం, పెట్టాను, ఎంతసేపని రాయకుండా. ఒళ్లు నేలకు తగిలాక ఒక్క దెబ్బ, అంతే.

ఆ దెబ్బ మృదంగం మీద బాగుండలేదు. నాదం మరీ నిండుగా ఉంది. ఎడమవైపు తొప్పికి ఎప్పుడూ అద్దే రవ్వ ముద్ద పెట్టకుండా చూశాను. గుంకీ, ఆ లోతైన సాగే నాదం, పోయి బోలుగా మోగింది. చివరికి ఒక డప్పు కళాకారుణ్ణి పిలిచాను. ఆయన సిర్రతో, అంటే డప్పు వాయించే పొట్టి కర్రతో, ఒక్కటి కొట్టగానే నలుగురూ తలెత్తి చూశారు. ప్రదర్శన వానాకాలంలో పడింది, తోలు తేమకు వదులైపోయింది. హాల్లో మంట పెట్టనివ్వరు. తెర వెనక కరెంటు పొయ్యి మీద ఆయన డప్పును తిప్పుతూ కాచాడు, వేలితో మీటి చూసి మళ్లీ కాచాడు.

ఆ రోజు ఆ అమ్మాయి ఊపిరి ఎన్నడూ లేనంత సేపు సాగింది. నా చెయ్యి గాల్లోనే ఉంది. పక్కన ఆయన సిర్ర ఎత్తి, కళ్లు ఆమె వీపు మీదే పెట్టి, కదలకుండా నిలబడ్డాడు.