నూరు వరహాల చెట్టుకు ఎరువు కాదు, నీళ్లు మార్చి చూడండి

నల్గొండలో నూరు వరహాల చెట్టు పెట్టుకున్న వాళ్లందరిదీ ఒకటే బాధ. నర్సరీలో చూసినప్పుడు ముదురాకుపచ్చగా, గుత్తుల కొద్దీ ఎర్రటి పూలతో మెరిసిపోతుంటుంది, ఇంటికి తెచ్చి ఒక ఎండాకాలం దాటించేసరికి ఆకులు పసుపెక్కి పూత ఆగిపోతుంది. అప్పుడు మనవాళ్లు చేసే మొదటి పని ఎరువు వేయడం. గుప్పెడు డీఏపీ, ఒక తట్ట పెంట, అదీ చాలదన్నట్టు వీడియోల్లో చూసి కోడిగుడ్డు పెంకులు, కట్టెల బూడిద. చెట్టు ఇంకా పసుపెక్కుతుంది.

తిండి లేక కాదు, మనం పోసే నీళ్ల వల్ల. దీని సొంత ఊరు దక్షిణ భారతం, శ్రీలంక. కాఫీ కుటుంబానికి చెందిన మొక్క, కేరళ వైపు వానలు దంచికొట్టే చోట, కొంచెం పుల్లటి గుణం ఉన్న మట్టిలో కంచెలు కంచెలుగా పెరుగుతుంది. మన బోరు నీళ్లు దానికి పూర్తిగా వ్యతిరేకం. నల్గొండ నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ఏకంగా మన ఊరి పేరే పెట్టారు కదా. కానీ ఈ చెట్టును ఏడిపించేది ముఖ్యంగా ఫ్లోరైడ్ కాదు, అదే నీళ్లలో ఉండే బైకార్బొనేట్లనే ఉప్పులు. రోజూ ఆ నీళ్లు పోస్తుంటే కుండీ మట్టి క్షారంగా మారుతుంది, అందులో ఉన్న ఇనుమును వేర్లు తీసుకోలేవు. మన చల్క నేలకు ఆ ఎరుపు వచ్చిందే ఇనుము వల్ల, అయినా అందులో పెరిగే చెట్టుకు ఇనుము అందట్లేదంటే నాకైతే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇది ఇనుము లోపమేనా అని తెలుసుకోవడం సులువు. కొత్త చిగురు చూడండి. లేత ఆకులు పసుపుగా పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతల్లా కనబడితే అదే. కింది ముదురాకులు ముందు పసుపెక్కితే మాత్రం అది నత్రజని సంగతో మరొకటో, అప్పుడు పెంట వేయడం తప్పు కాదు. ఇంకో గుర్తు కూడా ఉంది. మృగశిర దాటి నాలుగు మంచి వానలు పడగానే ఏమీ వేయకుండానే కొత్త ఇగురు ఆకుపచ్చగా వస్తే, గొడవంతా నీళ్లదే.

బూడిద, పెంకులు, సున్నం దీనికి అస్సలు వద్దు, మూడూ మట్టిని ఇంకా క్షారంగా మార్చేవే. డీఏపీలో భాస్వరం ఎక్కువైతే ఇనుము ఇంకాస్త బిగుసుకుపోతుంది. అన్నిటికంటే ఘోరం ఆర్వో మిషన్ పక్క పైపు నుంచి వచ్చే నీళ్లు. మా వీధిలో ఒక వదినె ఆ నీళ్లు వృథా ఎందుకని బకెట్లో పట్టి చెట్లకు పోస్తుంది. "నీళ్లే కదా చెల్లె, ఏమైతది" అంటుంది. మనం తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పులన్నీ ఆ బకెట్లోనే ఉంటాయి వదినె, బండలు కడగడానికి వాడుకో అని చెప్పాను. వాన నీళ్లు పట్టిపెట్టుకుంటే అంతకు మించింది లేదు. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పులు దాదాపు ఉండవు, ఎండాకాలంలో కుండీ మొక్కకు అవి బాగా పనికొస్తాయి. నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు బోరు కంటే నయమే కానీ తాగే నీళ్లు చెట్టుకు పొయ్యబుద్ధి కాదు. బోరు తప్ప గతి లేదంటే లీటరుకు చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి పోయండి.

ఇక మందు. ఇది మన బత్తాయి రైతులకు కొత్తేమీ కాదు: లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, అంటే ఇనుము ఉప్పు), 1 గ్రాము నిమ్మ ఉప్పు. అన్నభేది ఎరువుల దుకాణంలో దొరుకుతుంది, లేత ఆకుపచ్చ పలుకుల్లా ఉండాలి, గోధుమ రంగుకు తిరిగిందంటే పాతబడ్డట్టే. ఎప్పటికప్పుడు కలుపుకుని, సాయంత్రం పూట ఆకు పైనా కిందా తడిసేలా కొట్టాలి, పది రోజుల తేడాతో రెండు మూడు సార్లు. మొదళ్లో పోస్తే మన మట్టిలో అది వేర్లకు అందదు, గడ్డకట్టి మట్టిలోనే ఉండిపోతుంది. మట్టిలోనే వేయాలంటే ఈడీడీహెచ్‌ఏ రకం ఇనుము అడగండి, ఎర్రటి పొడి, ధర ఎక్కువే కానీ క్షార నేలలో కూడా పనిచేసేది అదే. మామూలు ఈడీటీఏ రకం మన దగ్గర అంతగా నిలబడదు. ఒక్క జాగ్రత్త, అన్నభేది నీళ్లు టైల్స్ మీద పడితే తుప్పు మరక వదలదు, ఇంట్లో వాళ్లతో మాటలు పడాల్సి వస్తుంది.

నేలలో పెట్టేవాళ్లు కాంపౌండ్ గోడకు కాస్త ఎడంగా పెట్టండి. సిమెంటు, సున్నం వానకు కరిగి గోడ మొదట్లోకే దిగుతాయి. కుండీకైతే ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, ఆకు ఎరువు చాలు. ఎండ బాగా కావాలి, నీడలో పెడితే ఆకులే తప్ప పూలుండవు, అయినా రోహిణి కార్తెలో డాబా మీది కుండీకి మధ్యాహ్నం కాస్త నీడ చూపించక తప్పదు. పూత కొమ్మల చివర్లలోనే వస్తుంది కాబట్టి ఒక విడత అయిపోగానే వాడిన గుత్తుల కింద కత్తిరించాలి. చీమలు వరసకట్టి, ఆకుల మీద నల్లటి మసి కనబడితే పిండినల్లో పొలుసు పురుగో ఉన్నట్టే, లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి కొట్టండి.

ఇంత తంటా మా వల్ల కాదు, మాకున్నది బోరే అనుకునేవాళ్లకు నా సలహా గన్నేరు. ఉప్పు నీళ్లకు, ఎండకు ఓర్చుకుంటుంది, ఏడాదిలో చాలా కాలం పూస్తుంది. కాకపోతే అందులో ప్రతి భాగమూ విషమే, మేకలు తిరిగే చోట, పసిపిల్లలున్న ఇంట్లో వద్దు.