చౌడు మిద్దె కింద ఒక మధ్యాహ్నం

బెలుం గుహల గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ మే నెలలో వెళ్లినవాడి దగ్గర చెమట కబుర్లు తప్ప ఏముంటాయి? 3,229 మీటర్ల గుహ కదా, లోపల చల్లగా ఉంటుందనుకున్నా. ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

తిరుగు ప్రయాణంలో కొలిమిగుండ్ల చేరేసరికి బనగానపల్లె బస్సు కళ్లముందే వెళ్లిపోయింది. ఇంకోటి రెండు గంటల తర్వాతట. నీడ కోసం ఓ ఇంటి అరుగు మీద కూలబడ్డాను.

"యా ఊరు నాయనా? ఎండకు మాడిపోతావు, లోపలికి రా" అంది ఓ అవ్వ.

గడప దాటగానే తడిగుడ్డ కప్పినట్టయింది. కరెంటు లేదు, ఫ్యాను తిరగడం లేదు, అయినా! రాళ్లు పేర్చి మట్టితో కట్టిన గోడలు, రెండడుగుల మందం ఉంటాయి. కింద నాపరాళ్లు. పైన దూలాలు, వాటి మీద దంతెలు (అడ్డంగా పేర్చిన సన్న కర్రలు), ఆపైన మందంగా మట్టి, అన్నిటికీ పైన చౌడు మట్టి. చౌడు తడిస్తే పొర కట్టి నీళ్లు దిగనివ్వదు. పైరు పెరగని మట్టిని మిద్దె మీదికి ఎక్కించాలని మొదట ఎవరికి తోచిందో! కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షిలోంచి పళ్లెమంత వెలుతురు నేల మీద పడుతోంది.

మజ్జిగ తాగుతూ, "ఇలాంటి ఇల్లు ఇప్పుడెవరు కడతారవ్వా, ఇదే మేలు" అన్నాను. అవ్వ నవ్వింది. "వానల్లో రా, అప్పుడు చెప్పు."

ఏటా వానలకు ముందు చౌడు పోయాలి. తవ్వి, మోసి, పైకెక్కించే కూలీలు దొరకడం లేదు. దొరికినా వాళ్లడిగే రేటు వింటే గుండె ఆగుతుందట. దూలాలకు చెదలు సరేసరి. ముసురు పట్టి నాలుగు రోజులు వదలకపోతే గోడలో మట్టి నాని రాళ్లు జారతాయి. పక్క వీధిలో ఒక మిద్దె అలాగే రాత్రికి రాత్రి కూలిందట. అందుకని వానాకాలం అవ్వ పడక పక్కనే కొడుకు కట్టుకున్న స్లాబు ఇంట్లో. ఎండాకాలం కొడుకు, కోడలు, పిల్లలు చాపలు చంకన పెట్టుకుని ఈ మిద్దెలోకి వస్తారు.

హైదరాబాదులో పై అంతస్తులో మా ఫ్లాటు గుర్తొచ్చింది. గోడలు నాలుగంగుళాలు. వాన గురించి టెన్షన్ లేదు, నిజమే. కానీ పగలంతా స్లాబు తాగిన ఎండ రాత్రి మా మంచాల మీదికే దిగుతుంది. మాకు పక్కన మిద్దె లేదు కాబట్టి ఈఎంఐలో ఏసీ కొన్నాం.

మూడున్నరకు బస్సొచ్చింది. కిటికీలోంచి నాపరాళ్ల క్వారీలు, సిమెంటు లారీలు. రెండింటికీ రాయి ఈ నేలలోదే.

మజ్జిగకు అవ్వ డబ్బులు తీసుకోలేదు. బనగానపల్లె లాడ్జిలో ఏసీ లేని గదికి తొమ్మిది వందలు గుంజారు, అదీ పై అంతస్తులో. రాత్రి పదిన్నరకు గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. పెనంలా ఉంది. దుప్పటి తడిపి కప్పుకుని పడుకున్నా.