స్టాప్‌వాచ్‌తో మొదలైన చైర్మన్

జడ్చర్ల దగ్గర ఒక రసాయనాల ఫ్యాక్టరీలో నేను షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేరిన కొత్తలో, హైదరాబాద్ ఆఫీసు నుంచి ఒక యువకుడు స్టాప్‌వాచ్ పట్టుకుని వచ్చి, సెంట్రిఫ్యూజ్‌లోని, అంటే గిర్రున తిప్పి ద్రవాన్ని వేరుచేసే యంత్రంలోని, తడి పౌడరును డ్రమ్ములకెత్తడానికి ఎవరికి ఎన్ని నిమిషాలు పడుతున్నదో రాసుకోవడం మొదలుపెట్టాడు. మూడో రోజు మా దగ్గరి పెద్దాయన ఒకరు "ఒకపారి నువ్వు లేపి సూడు సారూ, గప్పుడు రాసుకుందువు" అన్నారు. ఆ అబ్బాయి రెండు చేతులా పట్టుకున్నా డ్రమ్ము కదలలేదు. ఆ పూట లెక్కలు అక్కడితో ఆగాయి.

సర్ జాన్ హార్వే-జోన్స్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ అబ్బాయే గుర్తుకొస్తాడు. 1982 నుంచి 1987 దాకా బ్రిటన్‌లోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్‌కు, అంటే ఐసీఐకి, చైర్మన్‌గా ఉన్న ఆయన 1956లో అదే సంస్థకు చెందిన విల్టన్ కర్మాగారంలో వర్క్ స్టడీ అధికారిగా, అంటే ఏ పని ఎలా, ఎంతసేపట్లో అవుతున్నదో కొలిచే ఉద్యోగిగా, చేరారు. రసాయనశాస్త్రం చదివినవారు కారు, అంతవరకు నావికాదళ అధికారి. 1924లో లండన్‌లో పుట్టి, తండ్రి ధార్ సంస్థానంలో కొలువులో ఉన్నందున పసితనం మన దేశంలో గడిపి, రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల్లో పనిచేసి, తర్వాత రష్యన్ భాష నేర్చుకుని గూఢచార విభాగంలో కుదురుకున్న మనిషి, కూతురికి పోలియో సోకడంతో ఇంటిపట్టున ఉండడానికి ఆ కొలువును వదులుకున్నారు.

ఆయన చైర్మన్ అయ్యేనాటికి ఐసీఐ చిక్కుల్లో ఉంది. 1980లో వాటాదారులకు పంచే డివిడెండ్‌ను సైతం తగ్గించింది. ఆయన డైరెక్టర్ల సంఖ్య కుదించారు, నష్టాల విభాగాలను వదిలించుకున్నారు, 1984లో పన్నుకు ముందు లాభం వంద కోట్ల పౌండ్లు దాటింది. బ్రిటిష్ తయారీ సంస్థల్లో అంతకుముందు ఎవరూ ఆ అంకెను చూడలేదు. మెచ్చుకునేవాళ్లు దానినే ముందు చెబుతారు. ఆ ఏళ్లలో వేలాది ఉద్యోగాలు పోయిన సంగతిని ఒక వాక్యంలో దాటవేస్తారు. దసరా మరునాడు గేటు దగ్గర నిలబడి కాంట్రాక్టు కూలీల చేతుల్లోంచి పాసులు తిరిగి తీసుకున్నవాడిని కనుక, నేను అంత తేలికగా దాటలేను.

పదవి దిగాక ఆయన చేసిన పని నాకు ఎక్కువ నచ్చింది. మెడలో కొట్టొచ్చినట్టు కనిపించే రంగుల టై, చెదిరిన పొడుగు జుట్టుతో, 1990లో బీబీసీ టీవీ కార్యక్రమం కోసం చిన్న చిన్న కంపెనీలకు వెళ్లి, షెడ్డుల్లో తిరిగి, యజమానుల ముఖం మీదే తప్పులు చెప్పేవారు. బాడీకి కర్ర చట్రం వేసి చేత్తో కార్లు కట్టే మోర్గాన్ కంపెనీలో, ఒక షెడ్డు నుంచి మరో షెడ్డుకు మనుషులే కార్లను తోసుకుపోవడం చూసి ఆయన తల పట్టుకున్నారు. ఆర్డరిచ్చినవాళ్లు కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు కాబట్టి ఉత్పత్తి గట్టిగా పెంచమన్నారు. మోర్గాన్ వాళ్లు మర్యాదగా విని, ఆ సలహాను పక్కన పెట్టి, తమ పద్ధతిలోనే కార్లు కట్టుకుంటూ పోయారు. మా పెద్దాయన అక్కడ ఉంటే మాత్రం "ఒకపారి నువ్వు నూకి సూడు సారూ" అని తప్పక అనేవారు. ఆ సారు నూకేవారనే నా అనుమానం.