ఐ కేర్ గడిలో టిక్కులు

పడుకుందామంటే ఆ టిక్కులే కళ్ళముందు ఆడుతున్నాయి. పెద్దోడి లెక్కల పరీక్ష పురాణం రేపు రాస్తాలే.

పొద్దున మా పిల్లల ఐసీయూలో రాత్రి నర్సు దగ్గర డ్యూటీ అందుకునేటప్పుడు (హ్యాండోవర్) మూడో బెడ్ బాబు చార్ట్ చూశా. కళ్ళ సంరక్షణ రాసే ఐ కేర్ గళ్ళన్నీ టిక్కులే, అన్నీ ఒకే వాటంగా, ఒక్కసారే కూర్చుని గీసినట్టు. టార్చ్ వేస్తే రెప్పల మధ్య సన్నటి సందు, అందులో నల్లగుడ్డు కింది అంచు, మెరుపు లేకుండా మసగ్గా. ఆయింట్‌మెంట్ ట్యూబ్ సీలు కూడా విప్పలేదు! పైగా మైక్రోపోర్ టేపు రెప్ప వెంట్రుకల మీదే అంటించారు, సెలైన్‌తో తడిపి తడిపి తీసినా రెండు ఊడొచ్చాయి. ఒళ్ళు మండిపోయింది.

వెంటిలేటర్ మీదున్న పిల్లాడు, సెడేషన్ అంటే మత్తుమందు, దానికి తోడు మజిల్ రిలాక్సెంట్, అంటే కండరాలు కదలకుండా చేసే మందు. వాడు రెప్ప కొట్టలేడు, ఒంట్లో నీరు చేరి, వెంటిలేటర్ ప్రెషర్‌కి తెల్లగుడ్డు మీద పొర ఉబ్బిపోయి, ఉన్న రెప్పని కూడా మూసుకోనివ్వదు. రెండ్రోజులు చాలు కార్నియా, అదే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొర, ఎండి పాడవడానికి.

అప్పట్లో మెదడువాపుతో ఒక పాప వేరే ఊరి నుంచి వచ్చింది, వచ్చేటప్పటికే కన్ను ఎర్రగా ఉంది. బతకదనుకున్నది బతికింది, గొంతులోంచి వెంటిలేటర్ ట్యూబ్ తీసిన రోజు అందరం స్వీట్లు తిన్నాం. మర్నాడు కర్టెన్ తీయగానే పాప మొహం దిండులో దూర్చేసుకుంది. పుండుని చూపించే ఫ్లోరసీన్ రంగు కంట్లో వేసి నీలం లైట్‌తో చూస్తే నల్లగుడ్డు కింది భాగం పచ్చగా వెలిగింది. పుండు మానింది గానీ పువ్వు, అదే తెల్లమచ్చ, మిగిలిపోయింది. బయట నాన్నమ్మ ఆడపిల్ల అని ఒకటే ఏడుపు, వాళ్ళమ్మేమో ప్రాణం దక్కింది చాలు సిస్టరమ్మా అని దండం పెడుతోంది, నాకు ఎటు చూడాలో తెలీలా.

అందుకే రాత్రి డ్యూటీ చేసిన జూనియర్ నర్సుని కడిగేద్దామనే వెళ్ళా. తీరా చూస్తే రాత్రి రెండు వెంటిలేటర్లూ తనకే, మధ్యలో డెంగీ షాక్ అడ్మిషన్. బీపీ పడిపోతే మానిటర్ అరుస్తుంది, కన్ను ఎండిపోతే ఏ మెషీనూ అరవదు. చార్ట్ కూడా చేశావా అనే అడుగుతుంది గానీ, రెప్ప పూర్తిగా మూసుకుందా, తెల్లగుడ్డు కనిపిస్తోందా, నల్లగుడ్డే కనిపిస్తోందా అని అడగదుగా. తనని ఏమనాలి? అయినా సీలు విప్పకుండా టిక్కేంటి, అది మాత్రం నేనొప్పుకోను, అదే చెప్పా, ఏడ్చింది.

కళ్ళ డాక్టర్‌గారు బాబుని చూసి పైపైన చుక్కల్లాంటి గాయాలే, మానిపోతాయన్నారు. కళ్ళు తుడిచి, కింది రెప్పలో ఆయింట్‌మెంట్ పెట్టి, కనుబొమ్మ నుంచి బుగ్గ దాకా పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ వేశాం, అత్తయ్య సగం కోసిన పుచ్చకాయకి చుట్టేలాంటిదే, లోపల తడి ఆరదు. సక్షన్, అంటే ట్యూబ్‌లోంచి కఫం లాగడం, చేసేటప్పుడు కళ్ళు కప్పి పక్కనుంచి చెయ్యండని మళ్ళీ చెప్పా, ట్యూబ్‌లోంచి తుంపర కంట్లో పడితే అదింకో ఇన్‌ఫెక్షన్. బాబు వాళ్ళమ్మ కాటుక డబ్బీ తెచ్చింది. కంటికొద్దమ్మా, అరికాలికి దిష్టిచుక్క పెట్టు అన్నా.

సాయంత్రానికి రిలాక్సెంట్ ఆపారు, నేను డ్యూటీ దిగేలోపు రెప్ప కొట్టాడు వెధవ.

రేపు ఇన్‌ఛార్జ్ మేడమ్‌ని ఆ గడి మార్చమని అడగాలి. మళ్ళీ కొత్త ఫారమా అంటారు, తెలుసు. అంటే అననీ.